ఆర్-టైప్ మీద మా బడి తగాదాలు

ఆర్-టైప్ అనే వీడియో గేమ్ బాగుందా, బాగోలేదా అని 1989లో మా క్లాసులో ఎవరినైనా అడిగితే, వాడు చెప్పే జవాబును బట్టి వాళ్ళింట్లో ఏ కంప్యూటర్ ఉందో చెప్పేయొచ్చు. స్పెక్ట్రమ్ ఉన్నవాడు ఆకాశానికెత్తేవాడు. కమొడోర్ 64 ఉన్నవాడు "మాది చూశావా?" అని మొదలుపెట్టి సగంలో ఇంకో ఆట గురించి మాట్లాడేవాడు. ఆమ్‌స్ట్రాడ్ ఉన్నవాడు అసలు ఆ ఊసే ఎత్తేవాడు కాదు. వాడి సంగతి తర్వాత చెప్తాను, పాపం.

మాది స్పెక్ట్రమ్ ఇల్లు. నాన్న గుంటూరులో ఎంబీబీఎస్ చేసి డెబ్బైల చివర్లో ఇంగ్లండ్ వచ్చారు. ఊరూరూ మారి చివరికి మాంచెస్టర్ పక్కన బోల్టన్‌లో కుదురుకున్నాం. ఆ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో మన డాక్టర్లు చాలామందే ఉండేవాళ్ళు. శని, ఆదివారాలు వస్తే ఎవరో ఒకరింట్లో భోజనాలు. కింద పెద్దవాళ్ళ పేకాట, పైన పిల్లల గోల. అలాంటి ఒక రోజున ఒక తమిళ డాక్టరుగారు, తమ అబ్బాయి యూనివర్సిటీకి వెళ్ళిపోయాడని, వాడి స్పెక్ట్రమ్ ప్లస్‌ని నాన్నకి చవగ్గా ఇచ్చేశారు. "పిల్లల చదువుకి పనికొస్తుంది" అన్నారట. ఆ ఒక్క మాట నమ్మి కంప్యూటర్ కొన్న తండ్రులు ఆ దేశంలో ఎంతమందో!

కంప్యూటర్ వచ్చింది సరే, దానికి టేప్ రికార్డర్ కావాలి. స్పెక్ట్రమ్‌లో ఆటలన్నీ మామూలు క్యాసెట్ల మీదే వచ్చేవి. ఇంట్లో ఉన్న రికార్డర్ ఒక్కటే, అమ్మ పొద్దున్నే వంటింట్లో సుప్రభాతం పెట్టుకునేది. బడి నుంచి రాగానే దాన్ని ముందు గదిలోకి మోసుకొచ్చి, టీవీ పక్కన పెట్టి, వైరు తగిలించి లోడ్ చేసుకునేవాళ్ళం. రాత్రి పడుకునే ముందు మళ్ళీ వంటింట్లో దాని చోట దాన్ని పెట్టెయ్యాలి. అది అమ్మ షరతు. ఆ కీచు శబ్దం, తెర అంచుల్లో పసుపు, నీలం చారల పరుగు, ఆ తర్వాత మూడు నాలుగు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చోవడం... అదంతా ఆటలో భాగమే. చివర్లో "టేప్ లోడింగ్ ఎర్రర్" అని వచ్చిందా, మొదటికి తిప్పి మళ్ళీ పెట్టాలి. ఒకరి దగ్గర కొన్న క్యాసెట్ నలుగురి ఇళ్ళలో కాపీ అయ్యే రోజులు కదా, కాపీకి కాపీ అయితే ఆ ఎర్రర్ తప్పేది కాదు.

ఆర్-టైప్‌ని నేను మొదట చూసింది మాత్రం ఇంట్లో కాదు, బ్లాక్‌పూల్‌లో. 1988 వేసవి. సముద్రం ఒడ్డున వరసగా ఆర్కేడ్లు, అంటే నాణెం వేసి వీడియో గేములు ఆడే మిషన్లున్న దుకాణాలు. అమ్మ అల్యూమినియం కాగితంలో చుట్టి తెచ్చిన పులిహోర బెంచీ మీద తినేసి, నాన్న దగ్గర చిల్లర నాణేలు తీసుకుని లోపలికి పరిగెత్తాను. జపాన్ కంపెనీ ఐరెం దాన్ని 1987లో తెచ్చింది. మిషన్ ముందు ఒక పెద్ద కుర్రాడు ఆడుతున్నాడు, చుట్టూ మేమంతా గుమిగూడాం. మన అంతరిక్ష ఓడ పేరు ఆర్-9. శత్రువులు బైడోలు. తెర ఎడమకి జరుగుతూనే ఉంటుంది, ఆగడానికి లేదు, వెనక్కి పోవడానికి లేదు. ఇంతవరకూ అలాంటి ఆటలు బోలెడు చూశాం. కానీ మొదటి లెవెల్ చివర్లో వచ్చే డోబ్కెరటాప్స్ అనే జంతువుని చూసేసరికి మాత్రం అందరం ఒక్కసారి వెనక్కి తగ్గాం. తెరలో సగం అదే. కింద తోక కదులుతూ ఉంటుంది, పొట్ట చీల్చుకుని ఇంకో చిన్న తల బయటికి తొంగిచూస్తుంది. కాల్చాల్సింది ఆ చిన్న తలని. నా పక్కన ఐస్‌క్రీమ్ పట్టుకున్న పిల్ల దాన్ని చూసి ఏడుపు లంకించుకుంది. నా వంతు వచ్చాక దాని దాకా వెళ్ళనేలేదు, అది వేరే సంగతి.

ఆ సంవత్సరం చివర్లో యాక్టివిజన్ కంపెనీ ఎలక్ట్రిక్ డ్రీమ్స్ అనే లేబుల్ కింద ఇంటి కంప్యూటర్లకి ఆర్-టైప్ తెస్తోందని పత్రికల్లో ప్రకటనలు మొదలయ్యాయి. క్రాష్, యువర్ సింక్లెయిర్ మా స్పెక్ట్రమ్ వాళ్ళ పత్రికలు. జాప్ 64 కమొడోర్ వాళ్ళది. ఎవరి పత్రిక వాళ్ళకి వేదం. మాకు లోపల ఒక భయం ఉండేది. ఆర్కేడ్‌లో అంత బ్రహ్మాండంగా ఉన్న ఆటని స్పెక్ట్రమ్‌లో ఎలా పెడతారు? మెమొరీ 48 కె. 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 చిప్పు. తెరని జరపడానికి గానీ, బొమ్మల్ని కదపడానికి గానీ విడిగా ఏ సదుపాయమూ లేదు. ప్రతి చుక్కా ఆ చిప్పే కూర్చుని గీయాలి. కమొడోర్‌లో తెర జరగడానికి వేరే చిప్పు సాయం చేస్తుంది, ఎనిమిది బొమ్మల్ని అదే మోస్తుంది, పాటలకి సిడ్ అనే చిప్పు ఇంకొకటి. మాకు ఉన్నదల్లా లోపల కీచుమనే చిన్న స్పీకర్.

అన్నిటికన్నా పెద్ద బెడద రంగులు. స్పెక్ట్రమ్ తెర ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు ఉన్న గళ్ళుగా ఉంటుంది. ఒక్కో గడిలో రెండే రంగులు పడతాయి. ఎర్ర ఓడ పచ్చ చెట్టు పక్కకి వెళ్ళిందా, సగం ఓడ పచ్చబడుతుంది. ఈ గొడవ ఎందుకని చాలామంది ప్రోగ్రామర్లు తెరంతా ఒకే రంగులో గీసి చేతులు దులుపుకునేవాళ్ళు. కాబట్టి ఆర్-టైప్ కూడా నలుపు తెలుపుల్లోనే వస్తుందని, వచ్చినా నత్తనడక నడుస్తుందని కమొడోర్ వాళ్ళు ముందే తీర్పు ఇచ్చేశారు. మాకూ గట్టిగా ఎదురు చెప్పే ధైర్యం లేదు.

పుట్టినరోజు డబ్బులతో క్యాసెట్ కొన్నాను. కొత్త ఆట అంటే అప్పట్లో పది పౌండ్లకి అటూ ఇటూ. రెండు పౌండ్లకే వచ్చే బడ్జెట్ ఆటలు అదే దుకాణంలో కింది అరలో నన్ను చూస్తూ ఉన్నాయి. లోడ్ అయ్యాక మొదటి అర నిమిషంలోనే తెలిసిపోయింది, ఇది వేరే సరుకని. రంగులున్నాయి! గోడలు ఒక రంగు, శత్రువులు ఇంకో రంగు. వెనకాల ఆకాశమంతా నలుపు కాబట్టి ప్రతి గడిలో ఒక రంగు నలుపే, రెండోది బొమ్మది. రెండు బొమ్మలు అంటుకున్నప్పుడు మాత్రమే రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకేవి. ఆ హడావిడిలో ఎవడు చూస్తాడు? మొదటి లెవెల్లో తుపాకుల చక్రం తిరుగుతూ వస్తుంది. దాని కడుపులోకి దూరి లోపల్నుంచి కాల్చాలి. అది కూడా అచ్చంగా అలాగే ఉంది. డోబ్కెరటాప్స్ తోకతో సహా దిగింది.

ఈ ఆటలో అసలు గొప్పతనం ఫోర్స్‌ది. గుండ్రని బంతి లాంటిది, దాన్ని దేనితోనూ పగలగొట్టలేం. ఓడ ముందు తగిలించుకోవచ్చు, వెనకాల తగిలించుకోవచ్చు, లేదా విసిరేసి దాని మానాన దాన్ని కాల్చనివ్వొచ్చు. ముందుంటే ఎదురొచ్చే బుల్లెట్లని మింగేస్తుంది. వెనకాల ఉంటే వీపు కాస్తుంది. నడిచే రోబోల్ని పేలిస్తే రాలే రత్నాలు తీసుకుంటే దానికి లేజర్లు వస్తాయి. నీలం లేజర్ గోడలకి కొట్టుకుని మలుపులు తిరుగుతుంది, పసుపుది నేలా కప్పూ పట్టుకుని పాకుతుంది, ఎర్రది మెలికలు తిరుగుతూ దూసుకుపోతుంది. తుపాకీ బటన్ నొక్కి పట్టుకుంటే కింద బీమ్ అనే గీత నిండుతుంది, వదిలితే పెద్ద దెబ్బ. ఎప్పుడు గబగబా కాల్చాలి, ఎప్పుడు ఓపిక పట్టి గీత నింపుకోవాలి, ఫోర్స్ ఎక్కడుండాలి... ప్రతి అడుగులోనూ ఒక నిర్ణయం తీసుకోవాలి. అంతకు ముందు ఆడిన నెమెసిస్‌లో ఆయుధాలు కూడబెట్టుకుంటూ పోవడమే ఎక్కువ. జైనాప్స్ చూడ్డానికి చక్కగా ఉంటుంది గానీ నాకెందుకో ఎప్పుడూ ఒంటరిగా అనిపించేది. ఆర్-టైప్‌లో ఆ బంతి మనకి తోడు.

కానీ మా జాయ్‌స్టిక్‌కి ఉన్నది ఒకటే బటన్. ఆర్కేడ్‌లో ఫోర్స్‌ని వదలడానికి, వెనక్కి పిలవడానికి రెండో బటన్ ఉంది. ఇంట్లో ఆ పని కీబోర్డు మీద చెయ్యాలి. జాయ్‌స్టిక్‌ని రెండు చేతులతో పట్టుకుని బైడోలతో కొట్టుకుంటుంటే మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? దానికి మా చెల్లి దొరికింది. కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, వేలు కీ మీద ఆనించి, తెర వంక కళ్ళార్పకుండా చూసేది. నేను "వదులు!" అంటే వదలాలి, "రమ్మను!" అంటే రప్పించాలి. కొన్నాళ్ళకి నేను చెప్పకముందే నొక్కడం మొదలుపెట్టింది. పైగా "అప్పుడు వదిలితే పైనున్న తుపాకీ ఎవడు చూస్తాడు?" అని నన్నే దబాయించేది. రెండో లెవెల్లో గోమాండర్ అని ఒకటి ఉంటుంది, గుండెకాయ లాంటి పెద్ద మాంసపు ముద్ద, దాని చిల్లుల్లోంచి ఒక పాము లోపలికీ బయటికీ దూరుతూ ఉంటుంది. పైనున్న కన్ను తెరుచుకున్నప్పుడు దానిలో కొట్టాలి. ఫోర్స్‌ని ఆ కన్ను మీద సరిగ్గా కూర్చోబెట్టే కిటుకు కనిపెట్టింది చెల్లే. వంటింట్లోంచి అమ్మకి వినపడేదల్లా "వదులు, రమ్మను, వదులు, రమ్మను". ఏం ఆట రా అది, కుక్కని పెంచుతున్నారా అనేది.

లెవెల్ లెవెల్‌కీ క్యాసెట్‌లోంచి విడిగా లోడ్ చేసుకోవాలి. రెండో లెవెల్ అయ్యాక మూడోది లోడ్. మూడోదాంట్లో ప్రాణాలన్నీ పోతే ఇక టేపు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటిది. మా రికార్డర్‌కి చిన్న కౌంటర్ ఉండేది, మూడు అంకెలు తిరిగేది. ఏ లెవెల్ ఏ నంబరు దగ్గర మొదలవుతుందో క్యాసెట్ అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకున్నాం. ఇంకొకరి రికార్డర్‌లో ఆ నంబర్లు పనికిరావు. వాళ్ళ నంబర్లు వాళ్ళకి వేరే. అందుకని నా క్యాసెట్ చుట్టుతిరిగి ఇంటికొచ్చేసరికి అట్ట మీద మూడు నాలుగు చేతిరాతల్లో నంబర్ల వరసలు ఉండేవి.

ఇక బడి. మా బడి ఆవరణలో ఫుట్‌బాల్ ఆడనివాళ్ళకి ఒక మూల ఉండేది, సైకిళ్ళ షెడ్డు పక్కన. వానైనా మంచైనా మా పార్లమెంటు అక్కడే. కమొడోర్ వాడి వాదన ఏమిటంటే, స్పెక్ట్రమ్ ఆర్-టైప్‌లో పాటలేవి? నిజమే, మా 48 కె మిషన్‌లో చప్పుళ్ళు తప్ప చెప్పుకోదగ్గది లేదు. నేను వాడింటికెళ్ళి వాడి ఆర్-టైప్ చూశాను. పాట బాగుంది. తెర నున్నగా జారింది. కానీ బొమ్మలు లావు లావు చుక్కలతో మొద్దుగా ఉన్నాయి, రంగులు వెలిసిపోయినట్టు ఉన్నాయి. ఆర్కేడ్‌లో చూసిన ఆ చిమ్మచీకట్లోని మెరుపు వాడి తెర మీద నాకు కనిపించలేదు. ఆ మాట అంటే వాడు ఒప్పుకోలేదు, ఒప్పుకోడు కూడా. నేనయితే ఇప్పటికీ అదే అంటాను. ఎనిమిది బిట్ల మిషన్లలో ఆర్-టైప్‌కి దగ్గరగా వచ్చింది స్పెక్ట్రమే.

ఆమ్‌స్ట్రాడ్ వాడి కథ జాలి కథ. వాడి మిషన్‌కి రంగులు మాకన్నా ఎక్కువ, గళ్ళ గొడవ అసలే లేదు. కానీ వాడికొచ్చిన ఆర్-టైప్ స్పెక్ట్రమ్‌దే తెచ్చి హడావిడిగా అతికించింది. బొమ్మలు మావే, వేగం మాత్రం మాది కాదు. పది పౌండ్లు పెట్టి కొన్నవాడు నెలరోజులు ఎవరితోనూ ఆ విషయం అనలేదు. ఒకరోజు నేనే వాడింట్లో చూశాను. మా ఆట వాళ్ళింట్లో నీళ్ళల్లో ఈదుతున్నట్టు నడుస్తోంది. ఆ రోజు నుంచి వాడి ముందు ఆర్-టైప్ గురించి గొప్పలు చెప్పడం మానేశాను.

మిషన్ల గొడవ పక్కన పెడితే, అందరం కలిసి కొట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. ఇందులో ఒక్క దెబ్బ తగిలితే చావే. చచ్చాక అక్కడే లేవం, కొంచెం వెనక్కి ఒక చోట నుంచి మొదలవుతాం. అదీ ఒట్టి చేతులతో. ఫోర్స్ పోతుంది, లేజర్లు పోతాయి, వేగం పోతుంది. అప్పటిదాకా లేజర్లతో ఊచకోత కోసిన దారిలోనే ఇప్పుడు ఒక్క చిన్న తుపాకీతో వెళ్ళాలి. కొందరు ఇది అన్యాయం అనేవాళ్ళు. ఇందులో నేర్పేమీ లేదు, ఒట్టి బట్టీ, ఏ శత్రువు ఎక్కణ్ణుంచి వస్తాడో గుర్తుంటే గెలుస్తావు, గుర్తులేకపోతే చస్తావు, అంతే అని వాళ్ళ వాదన. మూడో లెవెల్ దానికి సాక్ష్యం. ఆ లెవెలంతా ఒకటే యుద్ధనౌక. తెరకి పట్టనంత పెద్దది. దాని కింది నుంచి, వెనక నుంచి, పై నుంచి చుట్టూ తిరుగుతూ తుపాకులు ఒక్కొక్కటే పీకాలి. దాని ఇంజన్ మంట ఎటు చిమ్ముతుందో ముందే తెలియకపోతే మొదటిసారి ఎవడైనా పోవాల్సిందే. నాకు మాత్రం ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. శత్రువునే మైదానం చేసేశారు! ఆ తర్వాత ఎన్ని ఆటలు ఆ ఎత్తుని కాపీ కొట్టాయో.

ఈ గొడవకి నేను విన్న అన్నిటిలోకీ మంచి తీర్పు హైదరాబాద్‌లో దొరికింది. 1989 వేసవి సెలవులకి ఇండియా వెళ్ళాం. పెదనాన్నగారి ఇల్లు విద్యానగర్‌లో. వాళ్ళబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంసెట్ తయారీలో ఉన్నాడు. వాడి టేబుల్ మీద చూద్దును కదా, స్పెక్ట్రమ్! నిజానికి దాని మీద డీబీ స్పెక్ట్రమ్ అని ఉంది. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే మన దేశపు కంపెనీ లైసెన్సు తీసుకుని ఇక్కడ అమ్మిన స్పెక్ట్రమ్ ప్లస్ అది. లోపలి సరుకు ఒకటే కాబట్టి నా క్యాసెట్లు దాంట్లో చక్కగా లోడయ్యాయి. పెదనాన్నగారు కూడా చదువుకని కొన్నదే, వేరే చెప్పాలా.

అన్నయ్య ఆర్-టైప్ ఆర్కేడ్ మిషన్‌ని ఎప్పుడూ చూడలేదు. కమొడోర్‌ని చూడలేదు. ఏ పత్రికా చదవలేదు. వాడికి ఆర్-టైప్ అంటే ఆ బుల్లి టీవీలో కనిపించేదే. మా బడిలో ఎవరమూ ఆ ఆటని అలా చూడలేదు. మేమంతా ఎప్పుడూ దేనితోనో పోలుస్తూనే ఉన్నాం. రెండు రోజులు వాడు ఊరికే ఆడాడు, వరసగా చచ్చాడు. మూడో రోజు నుంచి పక్కన గ్రాఫ్ నోట్సు పెట్టుకున్నాడు. గడులు లెక్కపెట్టి గోడలు గీశాడు. శత్రువుల గుంపులకి ఏ1, ఏ2, బీ1 అని పేర్లు. ఏ గుంపు వచ్చేటప్పుడు ఓడ ఎక్కడుండాలో ఎర్ర ఇంకుతో చుక్క. ఫిజిక్స్‌లో పథాలు గీసినంత శ్రద్ధగా గీశాడు. "అన్నయ్యా, ఇది మోసం కదా" అన్నాను, మా బడి గొడవ గుర్తొచ్చి. "మోసం ఏంట్రా? ఇది బట్టీ ఆట. బట్టీ కొట్టినవాడికే ర్యాంకు. అందులో తప్పేముంది?" అన్నాడు తల ఎత్తకుండా.

సైకిళ్ళ షెడ్డు దగ్గర తిట్టుకి వాడిన మాటనే వాడు మెచ్చుకోలుగా వాడాడు. నాకు నోట మాట రాలేదు. నిజమే కదా, ఈ ఆటని చేసినవాళ్ళు కూడా అలాగే అనుకుని ఉండాలి. ఒక్కో అడుగూ ఒక లెక్క, దానికి జవాబు ఉంటుంది, పేపర్లో రాకముందే దాన్ని సాధన చేసుకోవాలి. అప్పటికప్పుడు చూసి తప్పించుకునే నేర్పు కావాలనుకునేవాళ్ళకి వేరే ఆటలున్నాయి.

వాడికి ఒక్క ఫిర్యాదు ఉండేది, అది ఆట మీద కాదు, కరెంటు మీద. నాలుగో లెవెల్లో శత్రువులు వెళ్ళిన దారంతా గుడ్ల తెట్టె లాంటిది వదిలేసి పోతుంటారు, దాన్ని కాలుస్తూ దారి చేసుకోవాలి. వాడు నోట్సు చూస్తూ ఆ లెవెల్ మొదటిసారి చివరిదాకా వచ్చేసరికి ఠక్కున ఫ్యాను ఆగిపోయింది. తెర నల్లబడింది. ఇంట్లో ఎవరికీ ఉక్క గుర్తులేదు. "అయ్యో, ఏ లెవెల్రా?" అని పెద్దమ్మే అడిగింది. కరెంటు వచ్చాక మళ్ళీ టేపు మొదటికి తిప్పి, ఒకటో లెవెల్ నుంచి. మా చెల్లి కీ నొక్కడానికి సిద్ధంగా కూర్చుంది. వెళ్ళిపోయే రోజున క్యాసెట్ వాడికే వదిలేసి వచ్చాను, గ్రాఫ్ నోట్సుకి ఒక ఫొటోస్టాట్ తెచ్చుకున్నాను. బోల్టన్‌లో ఆ ఫొటోస్టాట్‌ని చూసి కమొడోర్ వాడు కూడా కాసేపు నోరు మూసుకున్నాడు. ఎర్ర చుక్కలు ఫొటోస్టాట్‌లో నల్లగా పడ్డాయని వంక పెట్టి తర్వాత తేరుకున్నాడనుకోండి.

ఆ ఏడాది చివరికి ఇళ్ళలోకి అమిగా అనే ఇంకా పెద్ద కంప్యూటర్లు రావడం మొదలైంది. బ్యాట్‌మన్ ప్యాక్ అని 399 పౌండ్లకి అమిగా 500 అమ్మేవాళ్ళు. క్రిస్మస్ తర్వాత మా వీధిలో ఒకడింట్లో వెలిసింది. వాడు ఆర్-టైప్ పెట్టాడు. అది ఆర్కేడే. రంగులు, నునుపు, పాట, దేనికీ లోటు లేదు. అందరం ఔరా అన్నాం. అరగంట ఆడాక నాకు తెలిసిందేమిటంటే, గోడలు ఎక్కడ వంగుతాయో, గుంపు ఎటు దిగుతుందో నా చేతికి ముందే తెలుసు. స్పెక్ట్రమ్‌లో నేర్చుకున్న పాఠమే ఇక్కడా పనికొచ్చింది. చుక్కలు తక్కువైనా పాఠం తప్పు పోలేదన్నమాట. స్పెక్ట్రమ్ ఆటకి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు.

ఆ ఆట వెనక ఎవరున్నారో చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు. స్పెక్ట్రమ్ ఆర్-టైప్‌ని రాసింది బాబ్ పేప్. బొమ్మలు గీసింది మార్క్ జోన్స్. అంతకు ముందు ర్యాంపేజ్ అనే ఆర్కేడ్ ఆటని స్పెక్ట్రమ్‌కి తెచ్చింది కూడా పేపే. పేప్ తన అనుభవాలన్నీ పుస్తకంగా రాసి 2013లో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశాడు. ఆర్కేడ్ ఆట తాలూకు ప్రోగ్రామ్ చేతిలో లేకుండా, ఆటని చూసి, ఆడి, దాన్నంతా మళ్ళీ మొదట్నుంచి కట్టుకున్నాడాయన. అది చదువుతుంటే నాకు అన్నయ్య గ్రాఫ్ నోట్సే కళ్ళముందు ఆడింది. ఇద్దరూ చేసింది ఒకే పని, ఒకడు గెలవడానికి, ఒకడు కట్టడానికి.

కమొడోర్ వాడి బొమ్మలు ఎందుకు అలా మొద్దుగా ఉన్నాయో కూడా అప్పుడే అర్థమైంది. జర్మనీలో మాన్‌ఫ్రెడ్ ట్రెంజ్ అనే ఆయన రెయిన్‌బో ఆర్ట్స్ కంపెనీకి 1988లో కటాకిస్ అని ఒక ఆట చేశాడు. ఆర్-టైప్‌కి అచ్చు కవల. ఇంటి కంప్యూటర్లలో ఆర్-టైప్ హక్కులున్న యాక్టివిజన్ వాళ్ళు ఊరుకుంటారా? కేసు పెడతామన్నారు. చివరికి రాజీ ఎలా కుదిరిందంటే, అంత బాగా కాపీ కొట్టినవాడు అసలుది కూడా చెయ్యగలడు కదా అని, కమొడోర్ ఆర్-టైప్‌ని ట్రెంజ్ చేతిలోనే పెట్టారు. కొద్ది వారాల్లో చేసి ఇచ్చేశాడు. అమిగా ఆర్-టైప్‌ని చేసింది కూడా కటాకిస్ అమిగా రూపాన్ని చేసిన ఫ్యాక్టర్ 5 కుర్రాళ్ళే. కటాకిస్‌ని కొంచెం మార్చి డెనారిస్ పేరుతో మళ్ళీ అమ్మారు. ట్రెంజ్ తర్వాత టరికాన్ చేసి తనేమిటో చూపించాడు. కాబట్టి తప్పు ఆయన చేతిది కాదు, ఆయనకిచ్చిన గడువుది. ఈ సంగతి చదివాక కమొడోర్ వాడి మీద నాకున్న కసి సగం చల్లారింది. వాడు సగంలో ఇంకో ఆట గురించి మాట్లాడేవాడన్నాను చూడండి, అది అప్పుడు కటాకిస్. ఎవడో ఇచ్చిన డిస్కులో వాడి దగ్గర ఉండేది. "ఆర్-టైప్ కన్నా ఇదే బాగుంది" అని వాడు గొంతు చించుకుంటే మేమంతా నవ్వాం. ఆ ఒక్క మాటలో వాడు ఒప్పు. ట్రెంజ్ తీరిగ్గా కూర్చుని చేసింది అదే.

ఆమ్‌స్ట్రాడ్ వాడికి న్యాయం జరగడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 2012లో ఈస్టర్ ఎగ్ అనే ఔత్సాహికుల బృందం ఆ మిషన్ కోసం ఆర్-టైప్‌ని మళ్ళీ మొదట్నుంచి కట్టి, 128 కె రూపంలో ఉచితంగా విడుదల చేసింది. పాత మిషన్‌లా నటించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్‌లో పెట్టి చూశాను. రంగులు, వేగం అన్నీ కుదిరాయి. వాడు బోల్టన్‌లోనే ఉన్నాడని తెలుసు. లింకు పంపాను. "24 ఏళ్ళు ఆలస్యం" అని జవాబిచ్చాడు, ఆ రాత్రే మూడో లెవెల్ ఫొటో పెట్టాడు.

కమొడోర్ వాడికి మాత్రం ఆర్-టైప్ విషయంలో ఆ ముచ్చట తీరలేదు. అయినా జాలి పడక్కర్లేదు, వాడికి ఆర్మలైట్ ఉంది. థలమస్ కంపెనీ 1988లో తెచ్చింది, కమొడోర్ కోసమే పుట్టిన ఆట, ఇద్దరు ఒకేసారి ఆడొచ్చు. దాని గురించి వాడు మొదలుపెడితే మాత్రం ఇప్పటికీ ఫోన్ పెట్టడు.